వాష్ బేసిన్‌కు ఏ సీలెంట్ వాడాలి, ఏ వరసలో బిగించాలి: సమగ్ర మార్గదర్శి

"మేస్త్రి తెల్ల సిమెంటు పెడతానంటున్నాడండీ, సిలికానే పెట్టమని చెప్పమంటారా?" గుంటూరులో ఇల్లు కట్టుకుంటున్నవాళ్ళు, పాత బాత్‌రూమ్ మార్పిస్తున్నవాళ్ళు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. బేసిన్ అంచు సందు మూసే సరుకు (సీలెంట్)గా సిలికానే పెట్టమనండి. కాకపోతే ఏ సిలికాన్ అన్న దగ్గరే అసలు చిక్కంతా ఉంది.

బేసిన్ పింగాణీదే అయినా, అది ఆనుకునేది గ్రానైట్‌నా, కడప బండనా, టైల్స్ గోడనా అన్నదాన్నిబట్టి సరుకు మారిపోతుంది. మనం ట్యూబు మీద కంపెనీ పేరు చూసి కొంటాం. చూడాల్సింది బేసిన్ కింద ఉన్న రాయిని.

బ్రాడీపేటలో మా ఇంటి బేసిన్ గట్టు కడప బండది. దుకాణంలో "బేసిన్‌కి సిలికాన్ కావాలి" అని అడిగితే ఇచ్చిన మామూలు ట్యూబునే పట్టించాం. ఆరు నెలలు తిరక్కుండానే అంచు వెంట నల్లటి బండ తెల్లగా పాలిపోయింది. సిలికాన్ తొక్కలా ఊడొచ్చింది. ట్యూబు పోయినా పోయింది, బండకు మళ్ళీ పాలిష్ పట్టించాల్సొచ్చింది. ఆ పని మీకు పడకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

1. ముందు తేల్చుకోవాల్సింది: బేసిన్ దేన్ని ఆనుకుంటోంది?

మన ఇళ్ళలో బేసిన్లు ముఖ్యంగా మూడు రకాలు. గట్టు మీద గిన్నెలా కూర్చునే టేబుల్ టాప్, గట్టు కింది నుంచి అతికే అండర్ కౌంటర్, గోడకు బోల్టులతో వేలాడేది. కింద కాలున్న పెడెస్టల్ బేసిన్‌ను కూడా గోడ రకంతోనే కలిపి చూడండి.

గట్టు ఉంటే, అది ఏ రాయో తెలియాలి. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ లాంటి ముదురు గ్రానైట్ గట్టి రాయి, నూనెను పెద్దగా పీల్చదు. పీల్చినా నలుపులో కలిసిపోయి కనపడదు. తెలుపు, లేత బూడిద, లేత గులాబీ గ్రానైట్‌లు, పాలరాయి అలా కాదు. సిలికాన్‌లోని నూనె రాతిలోకి దిగి, అంచు చుట్టూ తడి ఆరనట్టుగా ఒక ముదురు చార ఏర్పడుతుంది.

కడప బండ, బేతంచెర్ల రాయి, తాండూరు బండ, మన పల్నాటి నాపరాయి, ఇవన్నీ సున్నపురాళ్ళే. పుల్లటిది ఏది తగిలినా కరుగుతాయి. పాలరాయిదీ అదే గుణం. పాత ఇళ్ళలో, అద్దె ఇళ్ళలో గట్లు చాలావరకు ఈ రకమే కాబట్టి, నల్లగా ఉంది గదా అని గ్రానైట్ అనుకోకండి.

అనుమానం ఉంటే నిమ్మకాయతో తేల్చుకోవచ్చు. బండ కోసినప్పుడు మిగిలిన ముక్క తీసుకోండి. ముక్క లేకపోతే గట్టు కింది వైపు, పాలిష్ లేని చోట మేకుతో కొంచెం గీకి, రెండు చుక్కల నిమ్మరసం వేయండి. సన్నటి బుడగలు లేస్తే అది సున్నపు జాతి రాయి. ఏమీ కదలకపోతే గ్రానైట్ అనుకోవచ్చు. చూసిన వెంటనే నీళ్ళతో కడిగేయండి. ఈ పరీక్ష పై వైపు మాత్రం చేయొద్దు, పాలిష్ మీద మచ్చ పడితే పోదు.

2. ఏ సరుకు ఏ పనికి

దుకాణాల్లో ఎక్కువగా దొరికేవి రెండు రకాల సిలికాన్‌లు. ఈ రెండింటి తేడా తెలిస్తే సగం పని అయినట్టే.

మొదటిది అసిటిక్ రకం. ఆరేటప్పుడు వెనిగర్ వాసన ఘాటుగా వస్తుంది, ఎందుకంటే దాన్లోంచి విడుదలయ్యేది అసిటిక్ ఆమ్లమే. గాజుకు, మెరుపు పూతున్న పింగాణీకి, గ్లేజ్ టైల్స్‌కు గట్టిగా పట్టుకుంటుంది, త్వరగా పొర కడుతుంది, చవక. కానీ ఆ ఆమ్లం సున్నపురాయిని, పాలరాయిని, సిమెంటును తింటుంది. ఇత్తడి, రాగి, జి.ఐ. (జింకు పూత వేసిన ఇనుము) సామానుకు చిలుము పట్టిస్తుంది. అద్దం వెనక ఉండే పూతనూ పాడు చేస్తుంది. అందుకే బేసిన్ పని కాగానే ట్యూబులో మిగిలినదాంతో పైన అద్దం అతికించడం తప్పు.

రెండోది న్యూట్రల్ రకం. వాసన తక్కువ, ఆరడం కొంచెం నిదానం, ధర కాస్త ఎక్కువ. రాయి, సిమెంటు, లోహం, పింగాణీ, చాలా రకాల ప్లాస్టిక్‌లు, అన్నిటికీ సరిపడుతుంది. ఏ రాయో తేల్చుకోలేకపోతే ఇదే తీసుకోండి.

లేత గ్రానైట్‌కు, పాలరాయికి మామూలు న్యూట్రల్ కూడా చాలదు. ఆమ్లం లేకపోయినా నూనె దిగే ప్రమాదం అలాగే ఉంటుంది. మచ్చ పడనిదని, సహజ రాళ్ళ కోసమని ట్యూబు మీద స్పష్టంగా రాసి ఉన్న న్యూట్రల్ రకం అడగండి. దుకాణంలో లేకపోతే తెప్పించమనండి. రెండ్రోజులు ఆగడానికీ, జన్మంతా మచ్చ చూసుకోవడానికీ పోలిక లేదు.

ఎం.ఎస్. పాలిమర్, హైబ్రిడ్ అని రాసి ఉండే ట్యూబులూ ఇప్పుడు దొరుకుతున్నాయి. ఆమ్లం ఉండదు, పైన రంగు వేసుకోవచ్చు, కొంచెం చెమ్మ ఉన్న గోడకు కూడా సిలికాన్ కంటే బాగా పట్టుకుంటుంది. ధరే ఎక్కువ. చెమ్మ పూర్తిగా వదలని పాత గోడకు బేసిన్ బిగిస్తున్నప్పుడు ఆ ఖర్చు పెట్టొచ్చు.

ఇక బేసిన్ అంచుకు వాడకూడనివి.

తెల్ల సిమెంటు. ఆరితే గట్టి గాజులా పెళుసు. బేసిన్ మీద చెయ్యి ఆనించి మొహం కడుక్కున్న ప్రతిసారీ అది సన్నగా కదులుతుంది. ఆ కదలికకు సిమెంటు వెంట్రుకవాసి పగులుతుంది, ఆ పగుల్లోంచి నీళ్ళు దిగుతాయి. రేపు బేసిన్ తీయాల్సి వస్తే సుత్తి, ఉలి తప్ప మార్గం ఉండదు, పింగాణీ చిట్లుతుంది.

ఎం-సీల్. రెండు ముద్దలు పిసికి కలిపే ఎపాక్సీ ఇది. పగిలిన పైపుకు, కారుతున్న జాయింటుకు తాత్కాలికంగా వేయడానికి మంచిది. అంచు చుట్టూ పెడితే సిమెంటు లాగే సాగదు, పైగా ఊడదీయడం ఇంకా కష్టం.

ఆక్రిలిక్ సీలెంట్. గోడ పగుళ్ళకు, తలుపు చట్రాల సందులకు, రంగు వేసే చోటుకు. నిత్యం తడిసే చోట మెత్తబడి కొట్టుకుపోతుంది. ట్యూబు, దాన్ని నొక్కే గన్ను, తెలుపు రంగు, అన్నీ సిలికాన్ లాగే ఉంటాయి కాబట్టి పొరబాటున ఇదే ఇంటికొస్తుంది. చదివి కొనండి.

సీపీవీసీ సొల్యూషన్ పైపులు అతికించడానికి. బేసిన్‌తో దానికి పని లేదు.

ఏ సందుకు ఏది:
- టేబుల్ టాప్ బేసిన్, ముదురు గ్రానైట్ గట్టు: న్యూట్రల్ సిలికాన్
- లేత గ్రానైట్, పాలరాయి: సహజ రాళ్ళ కోసం చేసిన, మచ్చ పడని న్యూట్రల్
- కడప బండ, నాపరాయి, తాండూరు: న్యూట్రల్ మాత్రమే
- గోడ బేసిన్‌కూ గ్లేజ్ టైల్స్‌కూ మధ్య: అసిటిక్ సరిపోతుంది, న్యూట్రల్ అయితే టైల్స్ మధ్య సిమెంటుకూ భయం లేదు
- వేస్ట్ కప్లింగ్ (బేసిన్ అడుగు బెజ్జంలో బిగించే, నీళ్ళు కిందికి పోయే గొట్టం) పళ్ళెం కింద: న్యూట్రల్, ఎందుకంటే కప్లింగ్ సాధారణంగా ఇత్తడిది
- కుళాయి, యాంగిల్ కాక్ (బేసిన్ కింద గోడకుండే, నీళ్ళు కట్టేసే చిన్న కుళాయి) మరలు: టెఫ్లాన్ టేపు
- రబ్బరు వాషర్ ఉన్న కనెక్షన్ పైపు, బాటిల్ ట్రాప్ (కప్లింగ్ కింద ఉండే సీసా లాంటి భాగం) నట్లు: ఏమీ వద్దు, రబ్బరే సీలు

3. ట్యూబు కొనేటప్పుడు

"శానిటరీ" అని రాసి ఉంటే న్యూట్రల్ అని చాలామంది అనుకుంటారు. కాదు. శానిటరీ అంటే బూజు పట్టకుండా మందు కలిపారని మాత్రమే. శానిటరీ సిలికాన్‌లలో అసిటిక్ రకాలు చాలా ఉన్నాయి. వెనక చిన్న అక్షరాల్లో అసిటాక్సీ (అంటే అసిటిక్ రకమే) అని ఉందా, న్యూట్రల్ అని ఉందా వెతకండి. మనకు కావాల్సింది రెండూ: న్యూట్రల్ కావాలి, బూజు నిరోధకం కావాలి.

తయారీ తేదీ తప్పకుండా చూడండి. సిలికాన్ సాధారణంగా ఏడాది, ఏడాదిన్నర నిలవుంటుంది, అదీ చల్లటి చోట ఉంచితే. రేకుల షెడ్డులో ఒక మే నెల గడిపిన ట్యూబు తేదీ లోపలే పాడవచ్చు. కాలం చెల్లిన సిలికాన్ ఎన్నాళ్ళు ఆగినా జిగురుగానే ఉండిపోతుంది. ఇంటికి తెచ్చాక అట్టముక్క మీద ఒక చుక్క వేసి చూడండి. గంటకైనా పైన పొర కట్టకపోతే వెనక్కిచ్చేయండి.

రంగు సంగతి: తెల్ల బేసిన్, లేత గట్టుకు తెలుపు. నల్ల గ్రానైట్‌కు పారదర్శకం. పారదర్శకంలో లోపల చిక్కుకున్న దుమ్ము, బుడగ అన్నీ కనిపిస్తాయి, కాబట్టి శుభ్రం చేయడంలో ఇంకొంచెం శ్రద్ధ పడాలి.

ఎంత కావాలి? 280 మి.లీ. ట్యూబుతో 6 మి.మీ. లావు గీత కనీసం ఏడు మీటర్లు వస్తుంది. 20 అంగుళాల గుండ్రటి బేసిన్ చుట్టుకొలత 1.6 మీటర్లే. అడుగున వేసే గీత, వృథా కలుపుకున్నా ఒక్క ట్యూబుతో రెండు బేసిన్లు పూర్తవుతాయి.

4. సామాను దగ్గర పెట్టుకోండి

- సిలికాన్ ట్యూబు, గన్ను
- మాస్కింగ్ టేపు
- కొత్త బ్లేడు, పుట్టీ పట్టే రేకు లేదా ప్లాస్టిక్ గీకుడు
- మందుల దుకాణంలో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్
- దూది పింజలు రాలని పాత నూలు పంచె ముక్కలు నాలుగైదు
- రసమట్టం
- టెఫ్లాన్ టేపు
- సబ్బు నీళ్ళ గిన్నె
- పేపరు, చెత్త వేయడానికి సంచి

పాత కిరసనాయిలు, రంగుల థిన్నర్ వాడకండి. జిడ్డు పొర వదులుతాయి, ప్లాస్టిక్ భాగాలను పాడు చేస్తాయి.

5. పాతది పూర్తిగా తీసేయండి

సిలికాన్ మీద సిలికాన్ పట్టదు. ఈ ఒక్క మాట పట్టించుకోకపోవడం వల్లే రిపేరు చేయించిన బేసిన్లు రెండు నెలలకే మళ్ళీ కారుతుంటాయి. పాత గీత మీద కొత్త గీత వేసేస్తే అప్పటికి చూడ్డానికి బాగుంటుంది, పట్టు మాత్రం ఉండదు.

బ్లేడుతో రెండు వైపులా కోసి, తాడులా లాగేయండి. మిగిలిన పలచటి పొరను రేకుతో గీకండి. పాలరాయి మీద ఇనుప రేకు వద్దు, ప్లాస్టిక్‌దే వాడండి. వేలితో రుద్దితే రబ్బరులా జారితే ఇంకా సిలికాన్ ఉన్నట్టే. గరుగ్గా తగిలేదాకా ఆపకండి.

తెల్ల సిమెంటు ఉంటే సన్న ఉలితో గట్టు వైపు నుంచి కొద్దికొద్దిగా. బేసిన్ వైపు దెబ్బ పడకూడదు. బోరు నీళ్ళ ఇళ్ళలో అంచు వెంట ఉప్పు గట్టిగా పేరుకుని ఉంటుంది. అదీ పోవాలి, లేకపోతే సీలెంట్ ఉప్పును పట్టుకుంటుంది, పింగాణీని కాదు. ఉప్పు తీయడానికి బేసిన్ మీద నిమ్మరసం, వెనిగర్ పరవాలేదు. గట్టు మీద పడనీయకండి.

చివర్లో ఆల్కహాల్‌తో ఒక గుడ్డ, వెంటనే పొడి గుడ్డ. ఆ తర్వాత ఆ చోట చెయ్యి పెట్టకూడదు, చేతి జిడ్డు కూడా పట్టును తగ్గిస్తుంది.

ఆరడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సిలికాన్‌కు ఆరడానికి గాలిలోని తేమ కావాలి, కానీ అతుక్కునే చోట తడి ఉండకూడదు. వానాకాలంలో టైల్స్ పైకి పొడిగా కనిపించినా వెనక చెమ్మ ఉంటుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ వైపు ఇళ్ళలో నీళ్ళు నిలిచాయి కదా. అలా నాని ఉన్న గోడ పైకి ఆరిందనిపించగానే బేసిన్ బిగించేస్తే సీలెంట్ పట్టదు, అంచు వెంట ఊడొస్తుంది. గోడ నానిన ఇల్లయితే తొందరపడకండి. మామూలు ఇంట్లో రాత్రంతా ఫ్యాను పెట్టి, పొద్దున జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో సందులో వెచ్చటి గాలి కొట్టిస్తే చాలు.

6. సీలెంట్ లేకుండా ఒకసారి కూర్చోబెట్టి చూడండి

బేసిన్‌ను ఉత్తగా పెట్టి నాలుగు వైపులా వేళ్ళతో నొక్కండి. ఊగితే ఎక్కడ ఊగుతోందో గుర్తుపెట్టుకోండి. ఊగే బేసిన్‌ను ఏ సీలెంటూ కాపాడలేదు. పలచటి ప్లాస్టిక్ బిళ్ళలు దూర్చి, మట్టం సరిచేసి, అప్పుడు ముందుకు వెళ్ళండి. రసమట్టం అటూ ఇటూ పెట్టి చూడండి. వెనక్కి వాలితే నీళ్ళు గోడ పక్కన నిలుస్తాయి.

గట్టుకు కొట్టిన బెజ్జం కూడా ఇప్పుడే చూసుకోవాలి. టేబుల్ టాప్ బేసిన్‌కు గట్టులోని బెజ్జం వేస్ట్ కప్లింగ్ నట్టు దూరేంత వెడల్పు ఉండాలి. ఇరుకైతే నట్టు వెళ్ళి గ్రానైట్‌ను పట్టుకుంటుంది, బేసిన్ అడుగును బిగించదు, రబ్బరు నొక్కుకోదు. ఎంత సిలికాన్ పెట్టినా కారుతుంది. ఇరుగ్గా ఉంటే రాయి కోసేవాళ్ళను మళ్ళీ పిలిపించండి.

సందు వెడల్పు 2, 3 మి.మీ. ఉంటే బాగుంటుంది. గోడ వంకర వల్ల ఎక్కడైనా 6 మి.మీ. దాటితే, అల్యూమినియం కిటికీలు చేసేవాళ్ళ దగ్గర దొరికే గుండ్రటి ఫోమ్ తాడు లోపలికి దూర్చి, దాని మీద సీలెంట్ వేయాలి. లోతంతా సిలికాన్‌తో నింపితే లోపల ఎన్నాళ్ళకూ ఆరదు.

కూర్చున్నాక పెన్సిల్‌తో చుట్టూ గీత గీసి, బేసిన్ తీసి పక్కన పెట్టండి.

7. వేస్ట్ కప్లింగ్: ఎక్కువ లీకులు ఇక్కడే

అంచు చుట్టూ ఎంత శ్రద్ధ చేసినా, గట్టు కింది అలమరలో చెమ్మ వస్తోందంటే నూటికి తొంభై వంతులు దోషం కప్లింగ్‌దే. అందుకే దీన్ని బేసిన్ గట్టెక్కించకముందే, కింద పాత దుప్పటి మీద పెట్టుకుని తీరిగ్గా బిగించండి.

ముందు బేసిన్‌కు పై అంచు దగ్గర ఓవర్‌ఫ్లో బెజ్జం ఉందో లేదో చూడండి. ఉంటే హాఫ్ థ్రెడ్ కప్లింగ్, పక్కన కిటికీలా సందు ఉండేది. లేకపోతే సందు లేని ఫుల్ థ్రెడ్. తారుమారైతే ఓవర్‌ఫ్లో నీళ్ళకు దారి ఉండదు, లేదా ఆ సందులోంచి నీళ్ళు మరల వెంట దిగుతాయి.

- కప్లింగ్ పళ్ళెం కింద, పింగాణీకి తగిలే చోట న్యూట్రల్ సిలికాన్ సన్నటి ఉంగరంలా వేయండి
- బెజ్జంలో దించి, మెల్లగా నొక్కండి
- కింది నుంచి రబ్బరు వాషర్. అది ఎక్కించేముందు, రబ్బరు కూర్చునే చోట మరల మీద కూడా కొంచెం సిలికాన్ పూయండి
- తర్వాత ప్లాస్టిక్ వాషర్, దాని మీద నట్టు
- చేత్తో బిగిసేదాకా తిప్పి, పానాతో పావు చుట్టు

రబ్బరు దగ్గర మరల మీద పూయడం చాలామంది వదిలేస్తారు. నీళ్ళు మరల గాడి వెంట గుండ్రంగా తిరుగుతూ దిగుతాయి. నట్టు ఎంత బిగించినా ఆ దారి మూసుకోదు. మూసేది ఆ పూతే.

పానాతో బలం చూపించకండి. పింగాణీ చిట్లేముందు హెచ్చరించదు. పైన పొంగిన సిలికాన్‌ను అప్పుడే ఆల్కహాల్ గుడ్డతో తుడిచేయండి.

కుళాయి కూడా బేసిన్‌కే అమర్చేదైతే ఇప్పుడే బిగించేయండి, తర్వాత కింద చెయ్యి దూరదు.

8. బేసిన్‌ను దాని చోట పెట్టడం

టేబుల్ టాప్: గీసుకున్న పెన్సిల్ గీతకు అరంగుళం లోపలగా గట్టు మీద ఒక గీత సిలికాన్ వేసి, బేసిన్‌ను నిటారుగా దించండి. పక్కకు జరిపి సర్దొద్దు, గీత చెదిరిపోతుంది. బయటి అంచు గీత తర్వాత వేస్తాం.

అండర్ కౌంటర్: దీని బరువు సిలికాన్ మోయకూడదు. ఇది నేను అందరికీ గట్టిగా చెప్పే మాట. కింద గ్రానైట్ పట్టీలో, ఇనుప యాంగిళ్ళో, క్లిప్పులో ఉండి తీరాలి. నిండా నీళ్ళున్న పింగాణీ బేసిన్ ఒకరోజు ఊడి కాళ్ళ మీద పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బేసిన్ పెదవి మీద లావుగా సిలికాన్ వేసి, కింది నుంచి ఎత్తి నొక్కండి. కప్లింగ్ ఇంకా బిగించకపోతే, ఆ బెజ్జంలోంచి తాడు దూర్చి, కింద ఒక చెక్క ముక్కకు ముడేసి, పైన గట్టుకు అడ్డంగా పెట్టిన చెక్కకు బిగించి కడితే ఆరేదాకా కదలదు. గట్టి పట్టు దొరికేదాకా, కనీసం ఒక రోజు, తాడు విప్పకండి. ఈ రకానికి మాత్రం కప్లింగ్ చివర్లో పెట్టినా ఫరవాలేదు.

గోడ బేసిన్: పై అంచు నేల నుంచి 32, 33 అంగుళాల ఎత్తు మన ఇళ్ళకు అనువు. బోల్టుల కోసం టైల్‌కు కొట్టిన బెజ్జాల్లో బోల్టు దించేముందు కొంచెం సిలికాన్ నింపండి. లేకపోతే తడి ఆ దారిన టైల్ వెనక్కి చేరి, అవతలి గదిలో రంగు ఉబ్బుతుంది. నట్టుకూ పింగాణీకీ మధ్య ప్లాస్టిక్ వాషర్ తప్పనిసరి.

9. అంచు గీత వేయడం

సందుకు రెండు వైపులా రెండు మూడు మి.మీ. వదిలి మాస్కింగ్ టేపు అంటించండి. చేతివాటం ఉన్న మేస్త్రులు టేపు లేకుండా వేస్తారు. మొదటిసారి వేసే మనకు టేపే దిక్కు.

ట్యూబు మొన (నాజిల్)ను 45 డిగ్రీల కోణంలో, బెజ్జం 4, 5 మి.మీ. వచ్చేలా కోయండి. పెద్దగా కోస్తే సిలికాన్ కుప్పలు పోస్తుంది.

గన్ను ఒకే ఒత్తిడితో, ఆగకుండా నడపాలి. గీత సందులోకి దిగాలి, పైన తేలకూడదు. ఒక చోట మొదలుపెట్టి చుట్టూ తిరిగి అక్కడికే చేరండి. మొదలు, చివర కలిసే చోటు ముందువైపు కాకుండా పక్కకు వచ్చేలా చూసుకోండి.

వేసిన వెంటనే వేలును సబ్బు నీళ్ళలో ముంచి, ఒకేసారి సాగదీసినట్టు నునుపు చేయండి. సబ్బు నీళ్ళు గీత పైన మాత్రమే తగలాలి. గీత వేయకముందే సందులోకి పోతే పట్టు పోయినట్టే. తర్వాత టేపు వెంటనే, తడిగా ఉండగానే, ఏటవాలుగా లాగేయండి. పొర కట్టాక లాగితే అంచు చిరుగుతుంది.

రోహిణీ కార్తె ఎండల్లో చేస్తుంటే ఐదారు నిమిషాల్లోనే పొర కట్టేయొచ్చు. అప్పుడు మొత్తం చుట్టూ వేసి తర్వాత నునుపు చేద్దామంటే కుదరదు. సగం వేసి, నునుపు చేసి, టేపు లాగి, మిగతా సగం వేయండి. పొద్దున్నే ఆరేడు గంటలకు మొదలుపెడితే ఇంకా మేలు.

గోడ బేసిన్‌కు పైన, రెండు పక్కల గీత వేయండి. కింది వైపు వదిలేయండి. ఎప్పుడైనా లోపల నీళ్ళు చేరితే కింది నుంచి బయటికొచ్చి మనకు తెలుస్తుంది. అది కూడా మూసేస్తే నీళ్ళు గోడలోకే వెళ్తాయి.

10. ఆరనివ్వండి, తర్వాత పరీక్షించండి

సిలికాన్ బయటి నుంచి లోపలికి రోజుకు రెండు మూడు మి.మీ. చొప్పున గట్టిపడుతుంది. 6 మి.మీ. గీతకు రెండు మూడు రోజులు పడుతుందన్నమాట. ఒక పూర్తి రోజు కుళాయి అసలు తిప్పకండి, మూడు రోజులు బేసిన్ మీద బరువు ఆనించకండి. ఇంట్లో ఒకటే బేసిన్ ఉంటే యాంగిల్ కాక్ కట్టేసి, కుళాయి మీద గుడ్డ కట్టండి. పిల్లలు మర్చిపోయి తిప్పేస్తారు.

తర్వాత పరీక్ష:
- కింద పొడి పేపరు పరవండి
- అడుగు మూసి, ఓవర్‌ఫ్లో దాకా నీళ్ళు నింపి పది నిమిషాలు ఆగండి
- ఓవర్‌ఫ్లోలోకి నీళ్ళు పారనివ్వండి
- ఒక్కసారిగా వదిలేయండి
- కప్లింగ్ నట్టు, ట్రాప్ నట్టు, యాంగిల్ కాక్, కనెక్షన్ పైపు రెండు చివరలు, ఒక్కొక్కదాన్నీ వేరే పొడి టిష్యూతో తుడిచి చూడండి. ఏ టిష్యూ తడిస్తే లీకు అక్కడే

11. తరచూ వచ్చే సమస్యలు, వాటికి మందు

జిగురుగానే ఉండిపోయింది: ట్యూబు కాలం చెల్లింది. పైన ఇంకో పొర వేసి లాభం లేదు. అంతా గీకి, ఆల్కహాల్‌తో తుడిచి మళ్ళీ మొదలు.

లేత గ్రానైట్ మీద ముదురు చార: నూనె దిగింది. సిలికాన్ తీసేసి, వంటసోడాను అసిటోన్‌తో ముద్దలా కలిపి చార మీద పట్టించి, ప్లాస్టిక్ కాగితం కప్పి రాత్రంతా ఉంచండి. కిటికీ తీసి ఉంచాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. రెండు మూడు సార్లు చేస్తే తగ్గుతుంది, లోతుగా దిగితే పూర్తిగా పోదు.

నల్ల చుక్కలు: బూజు పైపైనే ఉంటే నీళ్ళు కలిపిన బ్లీచింగ్ ద్రవంలో తడిపిన దూది పావుగంట ఉంచి కడిగితే పోతుంది. లోపలి నుంచి నల్లగా కనిపిస్తే కోసి తీయడమే. బ్లీచింగ్ వాడిన రోజు బాత్‌రూమ్ యాసిడ్ అస్సలు తాకొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, ఆ ఇరుకు గదిలో ప్రాణానికే ముప్పు. రాతి గట్టున్న చోట యాసిడ్ ఏ రోజూ వద్దు.

గీత ఒక వైపు విడిపోయింది: గీత మరీ సన్నంగా వేశారు, లేదా బేసిన్ ఊగుతోంది. ఊగుడు ముందు సరిచేయండి.

కుళాయి మర దగ్గర చెమ్మ: టెఫ్లాన్ టేపు వెనక్కి చుట్టి ఉంటారు. మర చివర మన వైపు పెట్టుకుని గడియారం ముల్లు తిరిగే దిశలో చుట్టాలి, అప్పుడే బిగించేటప్పుడు ఊడదు. పలచటి టేపైతే పది చుట్ల దాకా వేయండి. సీపీవీసీ మరలకు సఫేదా పేస్టు, దారంలా చుట్టే నార వాడనివ్వకండి.

12. బిగించిన తర్వాత

రాత్రి పడుకునేముందు అంచు వెంట ఒక పొడి గుడ్డ తుడుపు చాలు. బోరు నీళ్ళు ఆరి ఉప్పు గీతగా మారకుండా, బూజు చేరకుండా అదే ఆపుతుంది. సిలికాన్‌లో కలిపిన బూజు మందు ఏళ్ళు గడిచేకొద్దీ నీళ్ళతో కొంచెం కొంచెంగా పోతుంది, అందుకని మొదట్లో రాని చుక్కలు తర్వాత వస్తాయి.

ఏడాదికోసారి గీత మొత్తం వేలితో నొక్కుతూ చూడండి. ఎక్కడైనా గోరు దూరితే ఆ ముక్క ఒక్కటే అతికించకుండా, ఆ వైపు గీత మొత్తం తీసి వేయండి. ట్యూబులో మిగిలినదాన్ని నాజిల్ మూతేసి పెట్టినా రెండు మూడు నెలలకు మించి నమ్మకండి. వాడేముందు ఎలాగూ అట్టముక్క మీద చుక్క వేసి చూస్తారు కాబట్టి, అది పొర కట్టాకే బేసిన్ దగ్గరికి తీసుకెళ్ళండి.